పెనుబల్లి బాడీ, అశ్వారావుపేట చాసిస్

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు కొందరు మా ఇంటికి వచ్చినప్పుడు, "మీ సర్వీసులో మీరు సాధించింది ఏమిటి సార్?" అని మర్యాదకు అడుగుతుంటారు. రిటైరైన ఇంజనీరును ఆ ప్రశ్న అడగడం ప్రమాదం. భోజనాల వేళ దాటిపోతుంది. అడిగారు కాబట్టి ఒక్కటి చెబుతాను. అది విజయమని మా సంస్థ వెంటనే ఒప్పుకుంది. నేను ఒప్పుకోవడానికి కొన్నేళ్లు పట్టింది.

నేను పనిచేసిన సేవాసంస్థ ఆఫీసు ఖమ్మంలో ఉండేది. పని మాత్రం భద్రాచలం అవతలి అడవి పల్లెల్లో. ఒక్కో పల్లెకు వారంలో ఒక రోజు దవాఖానా బండి వెళ్లాలి. గర్భిణులను పరీక్షించే బల్ల, మందుల అర, చిన్న ఫ్రిజ్జు అన్నీ బండిలోనే. బండి వచ్చే రోజున అవతలి గూడేల నుంచి ఆడవాళ్లు నడిచి వచ్చి రోడ్డు పక్కన కూర్చునేవారు. ఆ బండ్ల బాగోగులు చూడడం నా ఉద్యోగం. వాటికి బాగులు తక్కువ, ఓగులు ఎక్కువ.

ఇలాంటి బండిని కంపెనీ పూర్తిగా తయారుచేసి అమ్మదు. ఇంజను, చక్రాలు, డ్రైవరు కూర్చునే ముందు భాగం, వెనక్కి చాచుకున్న రెండు పొడవాటి ఇనుప దూలాలు, అంతవరకే ఇస్తుంది. దాన్ని చాసిస్ అంటారు. ఆ దూలాల మీద గది లాంటి బాడీని కట్టేది మన ఊళ్లలోని షెడ్లు. మాకు రెండు షెడ్లు కట్టి ఇచ్చేవి. ఒకటి పెనుబల్లిలో, ఇంకొకటి అశ్వారావుపేటలో.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, అడవి దారి చాసిస్‌ను నమిలేస్తుంది, బాడీని వదిలేస్తుంది. ఇంజనో గేరుబాక్సో పోయి బండి వర్క్‌షాపులో పడితే, దాని మీద ఉన్న దవాఖానా కూడా ఏ జబ్బూ లేకుండానే అడ్మిట్ అయిపోయేది. పక్కనే ఖాళీ చాసిస్ ఉన్నా ఈ బాడీ దాని మీద కూర్చోదు. ఏ షెడ్డు కొలత ఆ షెడ్డుది. మా డాక్టరమ్మ ఒకరోజు నన్ను పిలిచి, "బాడీ ఎత్తి ఇంకో చాసిస్ మీద పెట్టి, మర్నాడు పల్లెకు పంపలేమా?" అని అడిగారు. చాలా చిన్న ప్రశ్న. ఇంజనీర్ల కొంపలు ముంచేవి అవే.

హైదరాబాదులో ఉండే మా బోర్డుకు ఈ ప్రశ్నకు జవాబు ముందే తెలుసు. నగరం పక్కన ఒక పెద్ద ఫ్యాక్టరీ ఉంది, బాడీలన్నీ అక్కడే కట్టిస్తే అన్నీ ఒక్కలాగే ఉంటాయి కదా అన్నారు. డాక్టరమ్మ పట్టుబట్టి షెడ్లకు ఒక అవకాశం ఇప్పించారు. పెనుబల్లి బాడీ అశ్వారావుపేట చాసిస్ మీద, అశ్వారావుపేట బాడీ పెనుబల్లి చాసిస్ మీద కూర్చుంటే మిగతా బాడీలు షెడ్లకే. కూర్చోకపోతే ఫ్యాక్టరీకి. పరీక్ష చూడడానికి బోర్డు తరఫున ఒక సలహాదారు వస్తారు.

అశ్వారావుపేట మేస్త్రికి ఇది పోయినా పామాయిల్ గెలలు మోసే ట్రాలీల పని ఉంది. వాళ్ల పెద్దలు కోస్తా నుంచి వచ్చి తోటలు కొన్నవాళ్లు. షెడ్డు ఆయనకు సగం వ్యాపారం, సగం సరదా. పెనుబల్లి మేస్త్రికి అలా కాదు. ఆయన తాత ఎడ్లబండ్లు చేశాడు, తండ్రి తలుపులూ బండ్లూ చేశాడు, ఈయన ట్రాక్టర్ ట్రాలీలు చేసేవాడు. రెడీమేడ్ ట్రాలీలు వచ్చాక ఆ పనీ పోయింది. మా బాడీలే మిగిలాయి. షెడ్డులో ఆయన తమ్ముడు, ఇద్దరు వెల్డర్లు, ఒక పెయింటరు ఉండేవాళ్లు. ఈ పని పోతే షెడ్డు మూసి తాళం ఎవరికివ్వాలో కూడా తెలియదని ఆయనే నాతో నవ్వుతూ అన్నాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

నేను రెండు పొడవాటి ఇనుప బద్దలకు ఒకే కొలతలో రంధ్రాలు వేయించి, షెడ్డుకొకటి చొప్పున రెండు ఫర్మాలు, అంటే కొలత అచ్చులు, చేయించాను. దూలాల మీద ఇనుప చెవులు ఎక్కడ అతకాలో, బాడీ కాళ్లు ఎక్కడ దిగాలో ఆ రంధ్రాలే చెబుతాయి. చెవిలో నుంచి కాలిలోకి బోల్టు దిగితే బాడీ కూర్చున్నట్టు. ఒకే ఫర్మా రెండు షెడ్లలో ఉంది కాబట్టి ఏది ఎక్కడైనా కూర్చోవాలి. కాగితం మీద దీనికి ఎదురులేదు. కాగితం మీద అడవి దారి కూడా సాపుగానే ఉంటుంది.

రెండు బండ్లూ తయారయ్యాయి. ఆఫీసు నియమం ప్రకారం ఏ షెడ్డు బండిని ఆ షెడ్డులోనే తనిఖీ చేశాం. ఎవరి ఇంట్లో వాళ్లు బుద్ధిమంతులే. బోల్టులన్నీ వెన్నలోకి వేలు దిగినట్టు దిగాయి.

సలహాదారు రావడానికి వారం ముందు, ఎందుకైనా మంచిదని రెండు బండ్లనూ పెనుబల్లి షెడ్డుకు రప్పించి మార్పిడి చేసి చూశాం. చైన్ కప్పీతో పెనుబల్లి బాడీని పైకి లేపి, దాని కింద నుంచి పాత చాసిస్‌ను తప్పించి, అశ్వారావుపేట చాసిస్‌ను తోసి, మెల్లగా దించాం. ముందు కాళ్లు కూర్చున్నాయి. మధ్య కాళ్లు కూర్చున్నాయి. వెనక కాళ్లు తమ చెవులకు మూడు వేళ్ల దూరంలో ఆగి, ఇక మీ ఇష్టం అన్నట్టు నిలబడ్డాయి.

ఆ సందులో తలా ఒకసారి వేళ్లు పెట్టి చూశాం. తర్వాత అందరూ మాట్లాడారు.

"ఫర్మా ఎండకు సాగిందేమో చూడండి సార్," అన్నాడు అశ్వారావుపేట మేస్త్రి. "ఈ ఊరి ఎండ మా ఊరి ఎండలాంటిది కాదండీ."

"ఫర్మా సాగలే," అన్నాడు పెనుబల్లి మేస్త్రి. "మీ దగ్గర పామాయిల్ ఎక్కువైంది. కొలతలు జారుతున్నయ్."

ఫర్మాలు రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. వెంట్రుకవాసి తేడా లేదు. వెల్డింగ్ వేడికి ఇనుము గుంజుకుందేమోనని చూశాం. అదీ కాదు. అప్పటిదాకా బీడీ కాల్చుకుంటూ గోడకు ఆనుకుని కూర్చున్న డ్రైవరు లేచి వచ్చాడు. పెనుబల్లి బండి అతనిదే, చాలా ఏళ్లుగా అడవి దారిలో నడుపుతున్నవాడు. వెనక కాలు కిందికి వంగి చూసి, "మామా, గా పొద్దు నా చెయ్యి కొల్చినవ్ గద. అందుకే గిట్లయిందా ఏంది?" అన్నాడు.

పెనుబల్లి మేస్త్రి ఏదో పానా వెతుక్కుంటూ పక్కకు తిరిగాడు.

"ఏ చెయ్యి?" అన్నాను.

"కుడి చెయ్యే సార్," అన్నాడు డ్రైవరు.

అప్పుడు బయటపడింది. మన దగ్గర ఇల్లు కట్టేటప్పుడు ఆయం చూస్తారని మీకు తెలుసు. యజమాని మూరతో పొడవు కొలిచి, లెక్క కట్టి, శేషం మంచిది వస్తే సరే. రాకపోతే ఒకటి రెండు వేళ్లు పెంచడమో తగ్గించడమో చేస్తారు. పెనుబల్లి మేస్త్రి ఇంట్లో ఎడ్లబండికి కూడా ఆయం చూసేవారట. నా డ్రాయింగులోని పొడవుకు శేషం మంచిది రాలేదు. అందుకని డ్రైవరును పిలిచి, మోచేతి నుంచి వేలి కొస దాకా కొలిచి, బాడీని రెండు వేళ్లు పెంచాడు. బాడీ పెరిగితే వెనక కాళ్లు కూడా జరగాలి కదా. జరిపాడు. కాళ్లు జరిగితే చాసిస్ మీద చెవులు కూడా జరగాలి కదా. అవీ జరిపాడు. అందుకే ఆయన షెడ్డులో బోల్టులు అంత బుద్ధిగా దిగాయి.

"మరి ఫర్మా ఎందుకు మేస్త్రి గారూ?" అన్నాను.

"ఫర్మా ప్రకారమే చేసినం సార్. కడపటి రంధ్రం ఒక్కటే జరిపినం."

అశ్వారావుపేట మేస్త్రి పడీపడీ నవ్వాడు. "ఏవండీ, ఈ రోజుల్లో బండికి ఆయం ఏమిటండీ బాబూ. అది కూడా డ్రైవరు చేత్తోనా?"

నేను లెక్క వేసుకుంటున్నాను. పెనుబల్లిలో పెంచింది రెండు వేళ్లు. ఇక్కడ తేడా మూడు వేళ్లు. "ఆ మిగిలిన వేలు ఎవరిది?" అన్నాను.

నవ్వు ఆగింది.

"అంటే అండీ," అన్నాడు అశ్వారావుపేట మేస్త్రి, "మరీ చెడ్డ శేషం వచ్చిందండి. ఒక్క వేలు తగ్గించానంతే. అయినా నేను పద్ధతి ప్రకారం చేశాను. యజమాని అంటే డాక్టరమ్మే కదండీ. ఆవిడ షెడ్డు చూడ్డానికి వచ్చినప్పుడు చెయ్యి చాపమన్నాను."

"ఆవిడ చాపారా?"

"డాక్టరు చాపమంటే మనం ఎన్నిసార్లు చాపలేదండీ. పాపం, ఎందుకని కూడా అడగలేదు."

తరువాత అక్కడ జరిగిన చర్చను నా సర్వీసులో జరిగిన అన్ని మీటింగుల కంటే ఉన్నత స్థాయిదిగా భావిస్తాను. విషయం: బండికి యజమాని ఎవరు. డాక్టరమ్మ అని అశ్వారావుపేట వాదన. అడవిలో వాగు పొంగినప్పుడు బండిని కాపాడేటోడే యజమాని అని పెనుబల్లి వాదన. డ్రైవరు తన చెయ్యి పొట్టిదని తీసేయడానికి ఒప్పుకోనన్నాడు. రిజిస్ట్రేషన్ ప్రకారం యజమాని ఒక సొసైటీ అని, దానికి సంతకం ఉంది కానీ మూర లేదని నేను మనవి చేశాను. నన్ను ఎవరూ పట్టించుకోలేదు.

టీలు వచ్చాక పెనుబల్లి మేస్త్రి నన్ను పక్కకు పిలిచాడు.

"సార్, మీరు కొయ్యమంటే కోస్త. ఫర్మా ప్రకారమే మల్ల అతుకుత. కానీ ఒక మాట. ఒకసారి ఒకాయన జల్దీ కావాల్నంటే ఆయం చూడకుండ ట్రాలీ కట్టిచ్చిన. అది వాగుల వడ్డది. ఒక మనిషి పోయిండు. తాగి నడిపిండు అన్నరు అందరు. అయి ఉండొచ్చు. ఆయం చూడకనే వడ్డదని నేను కూడ అంటలే. కానీ పండుకుంటే నిద్ర రావాల్సింది నాకు గద సార్."

నేను చదువుకున్న పుస్తకాల్లో దీనికి సూత్రం లేదు. ఇనుము ఎంత బరువు మోస్తుందో చెప్పే పట్టికలు ఉన్నాయి. మనిషి ఎంత మోస్తాడో చెప్పే పట్టిక ఎవరూ వేయలేదు. ఆయం వద్దు, కొయ్యి అని ఆజ్ఞాపిస్తే ఆయన చేసేవాడే. చేసి, కడపటి రంధ్రాన్ని ఎప్పటికైనా ఒక వెంట్రుకవాసి జరిపి ఉండేవాడని కూడా నా నమ్మకం.

"ఇంటికి ఆయం గోడల బయట చూస్తారా, లోపల చూస్తారా?" అని అడిగాను.

నాకు నిజంగానే తెలియక అడిగాను. ఆయన వెనక్కి తిరిగాడు. అశ్వారావుపేట మేస్త్రిని కేకేశాడు.

"మీ దిక్కు ఎట్ల చూస్తరు?"

"బయటేనండీ. కొందరు లోపల కూడా చూస్తారు."

"మా నాయిన బయట చూస్తుండె. మా తాత లోపల చూస్తుండె అంటరు."

"మీ తాత గారి లెక్క ప్రకారం కట్టినవి నిలబడ్డాయాండీ?"

"తాత కట్టిన తలుపులు ఇంక ఉన్నయ్. ఇండ్లే పోయినయ్."

వాళ్లిద్దరూ అలా మాట్లాడుకుంటూ బాడీలోకి ఎక్కారు. లోపల మందుల గదికీ పరీక్ష గదికీ మధ్య ఒక రేకు అడ్డగోడ ఉంటుంది. దాన్ని రెండు వేళ్లు ముందుకు జరిపినా, ఒక వేలు వెనక్కి జరిపినా కింద కాళ్లకు ఏమీ సంబంధం లేదు. పరీక్ష గది పొడవు మాత్రం మారుతుంది. పెనుబల్లి మేస్త్రి ఆ గదిలో అటూ ఇటూ నడిచి, బల్ల మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"మనిషి పండేది ఈడ," అన్నాడు. "లెక్క ఈడ చూస్తే తప్పేం లేదు."

"తప్పేముందండీ," అన్నాడు అశ్వారావుపేట మేస్త్రి. అప్పటికి చాలాసేపటి నుంచి ఆయన పామాయిల్ మాట ఎవరూ మళ్లీ ఎత్తకపోవడం నేను గమనించాను.

ఒప్పందం మాటగానే జరిగింది. బాడీలో అడుగు రేకు కింద అంతా ఫర్మాది. ఒక్క నూలుపోగంత కూడా జరపకూడదు, ఎవరి చెయ్యీ కొలవకూడదు. రేకు పైన మేస్త్రి ఇష్టం. కిటికీ ఎక్కడ పెడతాడో, అడ్డగోడ ఎక్కడ నిలబెడతాడో, ఎవరి మూర తీసుకుంటాడో నేను అడగను. తరువాత కాలంలో ఈ పద్ధతికి మా బోర్డు ఒక పొడవాటి ఇంగ్లీషు పేరు పెట్టింది. దాని వెనక పెనుబల్లి మేస్త్రి తాత ఉన్నాడని బోర్డుకు తెలియదు.

మరునాటి నుంచి గ్యాస్‌తో వెనక కాళ్లు కోశారు, చెవులు కోశారు, ఫర్మా వేసి మళ్లీ అతికారు. అశ్వారావుపేట మేస్త్రి తన పని అయ్యాక కూడా ఇంటికి పోకుండా పెనుబల్లి షెడ్డులోనే వెల్డింగ్ చేస్తూ కనిపించాడు. అడిగితే, "మా బాడీ కూర్చోవాల్సింది ఈయన చెవుల మీదేనండీ. నమ్మకం లేదు," అన్నాడు.

సలహాదారు వచ్చారు. కారు దిగి, షెడ్డును చూసి, మళ్లీ కారును చూశారు. డాక్టరమ్మ కూడా వచ్చారు. పెనుబల్లి మేస్త్రి ఉతికిన చొక్కా వేసుకుని, పనికి అడ్డం వస్తుందని దాన్ని విప్పి తమ్ముడి చేతికిచ్చి, బనీనుతో నిలబడ్డాడు. కప్పీ గొలుసు ఆయనే పట్టుకున్నాడు. వేరేవాళ్లకు ఇవ్వలేదు.

పెనుబల్లి బాడీ లేచింది. కింద అశ్వారావుపేట చాసిస్ వచ్చింది. ముందు కాళ్లు దిగాయి, మధ్య కాళ్లు దిగాయి. వెనక కాళ్ల వంతు వచ్చేసరికి మేస్త్రి గొలుసును ఒక్కో లింకు చొప్పున వదిలాడు. డ్రైవరు కింద దూరి పడుకుని ఉన్నాడు. అతని గొంతు మాత్రం వచ్చింది. "జర దించు మామా. ఇంక జర. అవ్, ఆగు." తరువాత బోల్టు తోస్తున్న చప్పుడు. తరువాత పానా తిరిగే చప్పుడు. ఆ తిరిగే చప్పుడు కంటే మంచి సంగీతం నేను వినలేదని చెబితే మా ఆవిడ ఒప్పుకోదు, ఆమె పాడుతుంది.

రెండో బాడీ కూడా కూర్చుంది. పెనుబల్లి మేస్త్రి గొలుసు వదిలి, అరచేతులు చూసుకుని, చొక్కా కోసం వెతికాడు.

సలహాదారు టేపు పట్టుకుని లోపలికెక్కి అడ్డగోడ దగ్గర ఆగారు. "ఇది డ్రాయింగులో ఉన్న చోట లేదే?"

"స్థానిక అవసరాన్ని బట్టి జరిపామండి," అన్నాను.

"రెండు బండ్లలో రెండు రకాలుగా ఉందే?"

"స్థానికంగా అవసరాలు వేరువేరు."

ఆయన తల ఊపి రాసుకున్నారు. డాక్టరమ్మ తన కుడి చేతివైపు చూసుకుని, నావైపు చూశారు. ఆవిడకు ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు. డ్రైవరు మీద అనుమానం.

ఆ విడత బాడీలన్నీ షెడ్లకే వచ్చాయి. కథ ఇక్కడితో ఆపితే నాకు గౌరవంగా ఉంటుంది. కానీ మీరు ఉద్యోగాలు చేయాల్సినవాళ్లు.

మా పద్ధతి బోర్డుకు ఎంత నచ్చిందంటే, తరువాతి విడత బాడీలు హైదరాబాదు ఫ్యాక్టరీకి ఇచ్చేశారు. వాళ్ల తర్కంలో లోపం లేదు. ఎవరు కట్టినా కూర్చుంటుందని తేలాక, ఎవరు కడితే ఏం? బాడీలను మార్చుకునేలా చేయడానికి మేం అంత కష్టపడ్డాం. బాడీలు కట్టే మనుషులను కూడా మార్చుకోవచ్చని మాలో ఒక్కరికీ తట్టలేదు. డాక్టరమ్మ బోర్డుతో పోట్లాడారు. నేను నాలుగు పేజీల ఉత్తరం రాశాను. బాగా రాశారని జవాబు వచ్చింది.

పెనుబల్లికి ఆ సంగతి చెప్పడానికి నేనే వెళ్లాను. మేస్త్రి వింటూ, చేతిలో ఉన్న ఇనుప ముక్కను ఆకురాయితో రాస్తూనే ఉన్నాడు.

"మన ఫర్మానే ఇచ్చిన్రా వాళ్లకు?" అన్నాడు చివరికి.

"అదే ఇచ్చారు."

"అయితే మంచిగనే కూసుంటయ్ సార్."

ఇంకేమైనా అంటాడని నిలబడ్డాను. ఆయన ఇనుప ముక్కను వెలుతురుకు ఎత్తి అంచు చూసుకున్నాడు. ఆ సంవత్సరం వెల్డర్లిద్దరూ అశ్వారావుపేట పామాయిల్ మిల్లులో పనికి పోయారు. పెయింటరు ఖమ్మంలో కోచింగ్ కాలేజీల బోర్డులు రాయడం మొదలుపెట్టాడు. మేస్త్రి, తమ్ముడు మిగిలారు. నేను ఆ దారిన పోవాల్సి వస్తే సత్తుపల్లి బస్సులో ఆ షెడ్డు కనబడకుండా అవతలి వైపు కిటికీ దగ్గర కూర్చునేవాణ్ణి.

వానాకాలం వచ్చింది. ఫ్యాక్టరీ బాడీలు అందంగా ఉన్నాయి. కాళ్లు చెక్కుచెదరలేదు, ఫర్మా ఫర్మానే. కానీ అడవి దారి ఎలా ఉంటుందో వాటికి ఎవరూ చెప్పలేదు. గోడల మూలలు విచ్చుకున్నాయి, తలుపులు తెరుచుకోవడం మానేశాయి, తెరిచినవి మూసుకోవడం మానేశాయి. పాత రోజుల్లో అయితే కట్టినవాళ్ల దగ్గరికే పంపాలి, వేరేవాళ్లు వేలు పెట్టలేరు. ఇప్పుడు ఆ బాధ లేదు. డాక్టరమ్మ బోర్డును అడగలేదు. విచ్చుకున్న మొదటి బాడీని ఎత్తించి మరమ్మతుకు పెనుబల్లి పంపి, చాసిస్ మీద వేరే బాడీ పెట్టించి, మర్నాడు బండిని పల్లెకు పంపారు. ఆవిడ అడిగిన చిన్న ప్రశ్నకు జవాబు అలా వచ్చింది.

రిటైరయ్యాక ఒకసారి పెనుబల్లిలో బస్సు దిగాను. షెడ్డు ముందు మూడు బాడీలు దిమ్మెల మీద ఉన్నాయి. ఒకటి మాది, ఫ్యాక్టరీ కట్టింది. రెండోది ఎవరో మా ఫర్మా కొలతతోనే కట్టించుకున్న పుస్తకాల బండి. మూడోది అశ్వారావుపేటలో కట్టిన కూరగాయల బండి. మిల్లుకు పోయిన వెల్డర్లలో ఒకడు తిరిగి వచ్చి ఉన్నాడు. రెండోవాడు రాలేదు. అక్కడ భోజనం బాగుందట.

"షెడ్డు నడుస్తుందన్నమాట," అన్నాను.

"నడుస్తున్నది సార్," అన్నాడు మేస్త్రి. "అప్పుడు మేం కట్టిందే మరమ్మతుకు మాకొస్తుండె. ఇప్పుడు ఎవరు కట్టినా మాకే వస్తది."

"కొత్తవి కట్టడం లేదని బాధ లేదా?"

ఆయన ఫ్యాక్టరీ బాడీ మూలను వేలితో తట్టి చూశాడు. "ఉంది. ఎందుకుండదు?" అని, "మీరు ఖాళీగనే ఉన్నరు గద సార్. ఈ కొస జర పట్టున్రి. ఎత్తినప్పుడు వంగుతది," అన్నాడు.

చేతిసంచీ గోడకు ఆనించి, వెళ్లి కొస పట్టుకున్నాను. బరువుగానే ఉంది.